కర్టెన్ కింద కనిపించిన బొమ్మ

రెండేళ్లుగా మంగళవారాలూ శుక్రవారాలూ నావి కావు. పొద్దున్న ఆరున్నరకి అక్కని ఆటో ఎక్కిస్తాను. కోటబొమ్మాళి దాటి, హైవే ఎక్కి, ఆస్పత్రి చేరేసరికి ఏడున్నర అవుతుంది. ఎనిమిదింటికి అక్క ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి డయాలిసిస్ మిషనుకి కలుపుతారు. పన్నెండు దాటాక విప్పుతారు. ఆ నాలుగు గంటలూ నేను బయట హాల్లో ఇనప కుర్చీలో కూర్చుంటాను. మొదట్లో పుస్తకాలు తీసుకెళ్లేవాణ్ణి. పోనుపోనూ పేపరు కూడా చదవబుద్ధి కాలేదు. జబ్బు అక్కది, అలసట మాత్రం నాకూ వచ్చింది. ఈ మాట చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంటుంది. కాని నిజం.

నేను హైస్కూల్లో డ్రాయింగు మాస్టార్ని. ఆ రెండు రోజులూ నా పీరియడ్లు డ్రిల్లు మాస్టారు చూసుకుంటారు. పిల్లలకి వచ్చే నష్టం కూడా పెద్దగా లేదు, డ్రాయింగు పీరియడంటే ఎలాగూ లెక్కల టీచరు అడిగి తీసుకునేదే. మా ఆవిడ అంగన్‌వాడీలో పనిచేస్తుంది, సెలవు దొరకదు. అందుకని అక్కతో వెళ్లడం నా వంతయింది. వంతని ఎవరూ అనలేదు. అక్క నాకంటే పన్నెండేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు జీడిగింజలు కొట్టింది. ఆ పెంకుల్లోంచి కారే జీడినూనెకి పండిపోయిన వేళ్లు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. బావ చిన్న వయసులోనే పోయాడు, పిల్లల్లేరు. పదో తరగతి అవగానే నేను బొమ్మలు నేర్చుకుంటానంటే ఊళ్లో అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. విజయనగరం పంపి, డ్రాయింగు పరీక్షలు రాయించింది. అలాంటి అక్కని ఆస్పత్రికి తీసుకెళ్లడం వంతు ఎలా అవుతుంది? అయినా ఒక్కో మంగళవారం పొద్దున్న చెప్పులేసుకుంటున్నప్పుడు నాకు వంతులాగే ఉండేది.

హాల్లో ఒక పెద్ద తైలవర్ణ చిత్రం ఉండేది. ఎవరో దాత ఇచ్చారట. గోడకి మేకు దిగక, కిటికీ పక్కనున్న సిమెంటు తిన్నె మీద నిలబెట్టి గోడకి ఆనించారు. మూల సంతకం ఉంది కాని పేరు తెలియదు, రంగు పెచ్చులూడిపోయింది. బొమ్మలో నలభై ఏళ్ల ఆడమనిషి గుమ్మం పక్కన నేల మీద కూర్చుని ఉంటుంది. ఒళ్లో చేపల వల. దాన్ని బాగుచేస్తూ చేస్తూ ఆగిపోయింది. కుడిచెయ్యి వల మీద ఊరికే పడి ఉంటుంది. చూపు మన వైపు లేదు, వల మీదా లేదు. వెనకాల తీగ మీద మగవాళ్ల లుంగీ ఒకటి వేలాడుతుంటుంది. గడప దగ్గర మగవాళ్ల చెప్పులజత. తలుపులోంచి సన్నగా నీలం గీత, అది సముద్రం. గీసినవారెవరో గాని చెయ్యి తిరిగిన మనిషి. పాదాలు మరీ బాగా వేశారు. ఒక పాదం కింద ఇంకో పాదం దూర్చుకుని, మడమల దగ్గర పగుళ్లతో సహా.

నాలుగు గంటలు ఎదురుగా కూర్చుంటే చూడక తప్పదు. నాకు అలవాటైన పద్ధతిలోనే చూశాను. తొమ్మిదో తరగతి పిల్లలకి నేను చెప్పే పాఠం ఒకటుంది: ఎరుపు కోపం, నీలం దిగులు, తెరిచిన తలుపు ఆశ, ఖాళీ పాత్ర లేమి. పాతికేళ్లుగా అదే చెబుతున్నాను. దాని ప్రకారం ఆ బొమ్మ నాకు రెండో రోజుకే అర్థమైపోయింది. మొగుడు వేటకెళ్లాడు, ఇంకా రాలేదు, ఈవిడ ఎదురుచూస్తోంది. వల అంటే సంసారం. నీలం గీత అంటే దిగులు. అర్థమైపోయాక కూడా అది ఎదురుగానే ఉండేది, నేనూ దాని ఎదురుగానే ఉండేవాణ్ణి.

రోగుల్ని వెనకవైపు ర్యాంపు మీంచి వీల్‌చైర్లో లోపలికి తీసుకెళ్తారు. కాబట్టి అక్క ఎప్పుడూ హాల్లోకి రాలేదు. కాని తన మంచం తలుపుకి ఎదురు. తలుపుకున్న ఆకుపచ్చ కర్టెన్ పొట్టిది, కిందనించి రెండున్నర అడుగుల మేర ఖాళీ ఉంటుంది. పడుకున్న అక్కకి ఆ సందులోంచి బొమ్మలో కింది సగం కనిపించేది. పాదాలు, వల కుచ్చు, చెప్పులజత, అంతే. నాకు ఈ సంగతి మూడు నెలలదాకా తెలియదు. ఒకరోజు తిరిగొస్తుంటే ఆటోలో అడిగింది.

"ఒరే, ఆ బొమ్మలో ఆయమ్మ లేస్తన్నాదేటి, కూకుంటన్నాదేటి?"

కూర్చుని ఉందని చెప్పాను.

"కూకున్నాదని నాకూ తెలుసు. లేద్దామనుకుంటన్నాది. కాళ్లు తిమ్మిరెక్కిపోనాయి, లేవలేకపోతన్నాది. ఆ కింద పాదం సూడు, రగతం ఆడ్డంలేదు దానికి."

నేను నవ్వి, ఆవిడ మొగుడి కోసం ఎదురుచూస్తోందని వివరించాను. మొహంలో దిగులుందని, చూపు దూరంగా ఉందని చెప్పాను. అక్క వింది. దాహమేసినా నీళ్లు ఎక్కువ తాగకూడదు కాబట్టి దవడన లవంగం పెట్టుకుని ఉంది, దాన్ని ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చింది. కాసేపటికి, "దిగులుంటే ఉండనీ గాని కాళ్లు మాత్రం తిమ్మిరే," అంది.

ఫోన్లో ఫొటో తీసి బొమ్మంతా చూపిస్తానన్నాను. వద్దంది. మొత్తం చూసేస్తే ఇంక అక్కడ పడుకుని చూడ్డానికేముంటుందని అడిగింది. ఆ తర్వాత మాకు ఆటోలో అదొక కాలక్షేపమైంది. ఆ చెప్పులు బయటికెళ్లే మనిషివా, లోపలికొచ్చిన మనిషివా అని అడిగేది. వల తెల్లదా, మాసిందా అనేది. నేను ఓపికున్న రోజు చెప్పేవాణ్ణి, లేనిరోజు ఊఁ కొట్టేవాణ్ణి. ఓపిక లేని రోజులే ఎక్కువ.

హాల్లో నాలాగే రెండు రోజులూ వచ్చేవాళ్లు ఇద్దరు ఉండేవారు. ఒకాయన కిరాణా వ్యాపారి. భార్యని తీసుకొచ్చేవాడు. కొట్టు తమ్ముడికి అప్పజెప్పి వచ్చానని మొదటిరోజే చెప్పాడు, తర్వాత పెద్దగా మాట్లాడలేదు. ఒకసారి మాత్రం బొమ్మ దగ్గరకెళ్లి, చేతులు వెనక కట్టుకుని చాలాసేపు నిలబడి, వెనక్కొచ్చి కూర్చుని, "ఆవిడది కోపమండి మాస్టారు. పెదవి చూడండి. మా ఇంటావిడ మాట్లాడ్డం మానేసినప్పుడు అచ్చం అలాగే పెడుతుంది," అన్నాడు.  

రెండో మనిషి భావనపాడు నుంచి వచ్చే ఆవిడ. యాభై ఐదేళ్లుంటాయి. ముప్ఫై ఏళ్ల కొడుకుని తీసుకొచ్చేది. భర్త లేడు. హాల్లో కుర్చీలున్నా నేలమీదే గోడకి చేరబడి కూర్చునేది. బొమ్మకేసి చూడగా నేనెప్పుడూ చూడలేదు. ఎక్కువసేపు కళ్లు మూసుకునే ఉండేది.

ఏడాది గడిచాక ఒకరోజు పెద్ద డాక్టరు గారు నన్ను పిలిపించారు. దాత కుటుంబం వాళ్లు చూడ్డానికి వస్తున్నారట. బొమ్మ అలా తిన్నె మీద ఉండడం బాగోదు, డ్రిల్లింగ్ మిషను తెప్పించి గోడకి సరిగ్గా తగిలిస్తున్నాం, కింద నాలుగు మాటలు వివరణ రాసిపెడితే బాగుంటుంది, మీరు డ్రాయింగు మాస్టారట కదా అన్నారు. నాకు సంతోషం వేసింది. అబద్ధమెందుకు, చాలా సంతోషం వేసింది. ఆ ఆస్పత్రిలో నేను అప్పటిదాకా ఫలానా నంబరు మంచం తాలూకు మనిషిని. ఆ రోజు మాస్టార్నయ్యాను. ఇంటికొచ్చి రెండు సాయంత్రాలు కూర్చుని రాశాను. నా అక్షరాలు బావుంటాయి. దళసరి కాగితం మీద నల్ల ఇంకుతో, అంచుకి సన్నటి గీత కొట్టి మరీ రాశాను. నిరీక్షణకి నిలువెత్తు రూపం అని మొదలుపెట్టాను. తెగిన వల చెదిరిన జీవితానికీ, తెరిచిన ద్వారం చావని ఆశకీ, నీలిరేఖ ఎడబాటుకీ గుర్తులని రాశాను. వేలాడే వస్త్రం రాబోయే ఆప్తుడికి స్వాగతం పలుకుతోందని కూడా రాశాను. లుంగీ అని రాయడానికి మనసొప్పలేదు.

ఆ శుక్రవారం వెళ్లేసరికి బొమ్మ గోడమీద ఎత్తున ఉంది. దాని కింద, తిన్నెకి కొంచెం పైన నా కాగితం, అద్దం బిగించి. కిరాణా వ్యాపారి చదివి, బాగుందని తలూపాడు. భావనపాడు ఆవిడకి చదవడం రాదు. అందరూ చూస్తుంటే లేచొచ్చి, "ఏటి రాసినారు మేస్టారూ, సదవండి," అంది. చదివాను. బళ్లో చదివినట్టే, గొంతు సవరించుకుని మొత్తం చదివాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. తర్వాత మొదటిసారి తలెత్తి బొమ్మని చూసింది.

"మా కాడ వల మగోళ్లే బాగుసేస్తారు మేస్టారూ," అంది. "ఆడది వల పట్టుకుని కూకున్నాదంటే ఇంట్లో మగోడు లేడన్నమాట. ఆయమ్మ ఎవరికోసమూ సూడ్డంలేదు. నా పెనిమిటి పోయినప్పుడు నానూ ఇలాగే కూకున్నాను. సిరిగిన వల ఎవరూ తీసుకోరు. బాగుసేసి అమ్మీడానికే అలాగ కూకోడం."

 నన్ను తప్పుపట్టినట్టు లేదు. వెళ్లి తన చోట కూర్చుని కళ్లు మూసుకుంది. నేను బొమ్మవైపు చూశాను. లుంగీ, చెప్పులు, వల అన్నీ అక్కడే ఉన్నాయి. ఏడాదిగా చూస్తున్నవే. రావలసిన మనిషివి అనుకున్నవన్నీ పోయిన మనిషివి అయ్యాయి. కాగితం మీద నా అక్షరాలు మాత్రం చక్కగా, వరసగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం ఆటోలో అక్క బొమ్మ ఊసెత్తలేదు. మాట్లాడించాలని నేనే, బొమ్మ కింద నా చేత రాయించారని చెప్పాను.

"అదా," అంది అక్క. "ఇప్పుడు నాకు బొమ్మ కనబడ్డం నేదురా. పైకెట్టీసినారు. కర్టెన్ కింద నీ కాగితమొకటి కనబడతన్నాది. అంత దూరం నుంచి తెల్లగా."

  నాలుగు గంటలు కదలకుండా పడుకునే మనిషికి ఉన్న ఒక్క చూపూ పోతుంటే నాకు తట్టనే లేదు. అదీ నా దస్తూరీ మోజులో.

మంగళవారం వెళ్లి, బొమ్మని కిందికి దింపించమని నర్సుని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. దాతలు వచ్చి ఫొటోలు దిగి వెళ్లారు, ఇప్పుడెలా దింపుతామంది. మంచాలు మార్చడం కుదరదంది. ఆవిడ తప్పేం లేదు, ముగ్గురు చేయాల్సిన పని ఒక్కతే చేస్తోంది. తిరిగి హాల్లోకొచ్చి, వంగి, నా కాగితాన్ని అద్దంతో సహా నేనే మేకు మీంచి తీసి సంచిలో పెట్టుకున్నాను. ఎవరూ ఎందుకని అడగలేదు. తర్వాతైనా అది ఏమయిందని పెద్ద డాక్టరు గారు గాని ఇంకెవరు గాని అడగలేదు. ఆ సంగతి కొంచెం బాధపెట్టింది కూడా.

ఆ రోజు అక్కని మిషను నుంచి విప్పాక బీపీ పడిపోయి, గంటసేపు మంచం మీదే ఉంచేశారు. నన్ను లోపలికి రానిచ్చారు. అక్క ఖాళీ గోడవైపు చూస్తోంది.

"ఫొటో తీసి సూపిస్తానన్నావు కదరా, ఏదీ, సూపించు," అంది.

బయటికెళ్లి తీసుకొచ్చాను. ఫోను తన మొహానికి దగ్గరగా పట్టుకున్నాను. నల్లబడ్డ వేలితో తెర మీద ఆవిడ మొహాన్ని పెద్దది చేయించింది. చాలాసేపు చూసింది.

"నేననుకున్న మొకం కాదు," అంది. "ఇసుగు మొకం అనుకున్నాను. ఈయమ్మకి ఇసుగు కూడా నేదు. ఎవరో కూకో అంటే కూకున్నట్టున్నాది."

ఎవరని అడిగాను. అలవాటు కొద్దీ బొమ్మ గురించే అడిగాను.

"నాకేటి తెలుసు? నా సంగతైతే సెప్పగలను. నువ్వు రమ్మంటే వస్తన్నాను, నువ్వు కూకో అంటే కూకుంటన్నాను. నాకోసమైతే ఎప్పుడో మానీసుందును. నీ మొకం సూసి వస్తన్నాను. నువ్వేమో నాకోసం వస్తన్నావు. ఇద్దరం అలిసిపోతన్నాం."

గొంతులో కోపం లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చి, ఈరోజు ఎన్ని గింజలు కొట్టానో చెప్పినట్టే చెప్పింది.  ఆ పాదాల గురించి, తిమ్మిరి గురించి, లేవాలని లేవలేకపోవడం గురించి ఇన్ని నెలలుగా అక్క నాతో చెబుతూనే ఉంది. నేను నీలం గీతకి అర్థం చెబుతూ కూర్చున్నాను.

మానేస్తే ఏమవుతుందో తెలుసా అని అడిగాను. తెలుసంది. చివరి మంచం మీది మనిషి మానేసి ఎన్నాళ్లకి పోయిందో కూడా చెప్పింది. నేను ఏడ్చాను. ఆ వార్డులో ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉంటారు, ఎవరూ పట్టించుకోరు. అక్క సూదులు గుచ్చని చేత్తో నా మోకాలి మీద తట్టింది. అప్పుడే మానీనులే, పంట కోతలయ్యేదాకా వస్తానంది. కోతలకీ మాకూ ఏ సంబంధం లేదు, మాకు పొలం లేదు. ఏదో ఒక గడువు చెప్పాలని చెప్పింది.

ఆ రోజు నుంచి ఒకటి మార్చుకున్నాను. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే, ఆటోకి ఫోను చేసేముందు, అక్క మంచం దగ్గరకెళ్లి "వెళ్దామా అక్కా?" అని అడుగుతాను. అంతకుముందు అడిగేవాణ్ణి కాదు, "లే, టైమయింది" అనేవాణ్ణి. అడిగిన మొదటిరోజు రానంటుందేమోనని భయపడ్డాను. కాసేపు ఆలోచించి, పదమంది. కోతలు వచ్చాయి, వెళ్లాయి. అక్క ఆ గడువు మాట ఎత్తలేదు, నేనూ గుర్తుచెయ్యలేదు. అడగడం వల్ల అలసటేమీ తగ్గలేదు. వంతుకెళ్తున్నట్టు మాత్రం లేదిప్పుడు.

మొన్న మాఘమాసంలో భావనపాడు ఆవిడ వరసగా మూడుసార్లు రాలేదు. నాలుగోసారి నర్సు చెప్పింది, కొడుకు పోయాడని. అక్కతో ఆటోలో చెప్పాను. అక్కా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నది లేదు, ఒకరు హాల్లో, ఒకరు లోపల. కాని కొడుకుది అక్క పక్కమంచమే. నాలుగు గంటలూ అతనితో కబుర్లాడేదట, నాకెప్పుడూ చెప్పలేదు. శుక్రవారం పొద్దున్న, వెళ్దామా అక్కా అని అడిగితే, "భావనపాడు పోదాం," అంది.

నర్సుకి ఫోను చేశాను. తిట్టింది, తిట్టి శనివారం పొద్దున్న రమ్మంది. నీళ్లు ఒక్క గుక్క కూడా ఎక్కువ తాగనివ్వొద్దని గట్టిగా చెప్పింది.

భావనపాడులో ఇల్లు వెతకడానికి అరగంట పట్టింది. ఆవిడ గుమ్మంలోనే ఉంది. నన్ను గుర్తుపట్టింది. అక్క ఎవరో నేను చెప్పేలోపే, "పక్కమంచం అప్పగారు కదూ, మావోడు సెప్పీవోడు," అంది. చాప వేసింది. వైద్యం మొదలయ్యాక అక్క నేలమీద కూర్చోవడం మానేసింది. ఆ రోజు గోడ పట్టుకుని, నా భుజం పట్టుకుని కూర్చుంది. ఇద్దరూ పక్కపక్కనే గోడకి చేరబడ్డారు.

వాళ్లేదో మాట్లాడుకుంటారని నేను వీధిలోకెళ్లి నిలబడ్డాను. వాళ్లు పెద్దగా మాట్లాడుకోలేదు. అక్కడి నుంచి ఇద్దరి మొహాలూ బాగానే కనిపిస్తున్నాయి. ఇద్దరూ ఎండలోకి చూస్తున్నారు. ఎవరూ ఏడవడం లేదు. ఓసారి ఆవిడ ఏదో అంటే అక్క చిన్నగా నవ్వింది కూడా. దుఃఖమా, ఓదార్పా, ఊరికే ఎండకి కళ్లు చికిలించడమా, నాకు తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఎవరో పిల్ల ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వీధిలో వేస్తే కూర్చున్నాను.

రెండు గంటలున్నాం. బయల్దేరేటప్పుడు ఆవిడ అక్కని ఆటోదాకా నడిపించింది. మళ్లీ రమ్మని అనలేదు, అక్క వస్తాననీ అనలేదు.

తిరుగుదారిలో అక్క నిద్రపోయింది. కుదుపులకి తల ఆటో కడ్డీకి తగలకుండా నా చెయ్యి అడ్డం పెట్టాను. చెయ్యి నొప్పెట్టింది, తీయబుద్ధి కాలేదు. కోటబొమ్మాళి దగ్గర రైలుగేటు వేసి ఉంది. గూడ్సుబండి, తెగ పొడుగ్గా ఉంది, బొగ్గు వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి వెళ్తూనే ఉన్నాయి. డ్రైవరు ఇంజను ఆపేసి, కిందికి దిగి ఒళ్లు విరుచుకున్నాడు. అంత చప్పుడుకీ అక్క లేవలేదు. నాకూ కళ్లు మూతలు పడుతున్నాయి.